రెండో సంతకం

బాపూ,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టకు. నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున అన్న సమ్మెట తీసుకుని మన నాగావ్ మరమగ్గాల కార్ఖానాకు వచ్చాడు.

అందులోని ఐదు సాంచాలూ వాటిని నడిపే బిడ్డకే, నాకే, అని నువ్వు వీలునామా రాశావు. ఒక సాక్షి సంతకం పెట్టాడు. రెండో సాక్షి రాజన్న కాక పక్క కార్ఖానాలో నేస్తున్నాడు. "సాంచా ఆపితే బట్ట మీద గీత పడుతది, రేపు పెడ్తడు తియ్" అని నువ్వే పిలవనియ్యలేదు. తెల్లారి నువ్వు లేవలేదు.

ఒక్క సాక్షితో వీలునామా చెల్లదన్నాడు వకీలు. అమ్మ కూడా లేదు కనుక అన్నకూ నాకూ చెరి సగం. చెరి రెండు సాంచాలు పోగా, నువ్వు మొదట కొన్నది మిగిలింది.

"నాకు దక్కంది నీకెట్ల దక్కుతదే?" అంటూ ఈ పొద్దున అన్న దాన్ని సమ్మెటతో పగలగొట్టాడు. అడ్డం పోతే నా కుడి చెయ్యి విరిగింది. నేను ఇనుప మొనల నాడె అందుకుని వాడి నుదురు చీల్చాను. నెత్తురు నీ సాంచా పడుగు మీద చిందింది.

పోలీసులొచ్చి, పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలన్నారు.

"గీత పడితే పడనీ బిడ్డా" అంటూ రాజన్న కాక సాంచా ఆపి వచ్చి, అందరికన్నా ముందు సంతకం పెట్టాడు.