లాప్‌టాప్ వాకబు

కొత్తలంక,
జూన్ 12, 2003.

శ్రీ మాణిక్యాంబ కంప్యూటర్స్, కాకినాడ, శ్యాంబాబు గారికి,

వీరాస్వామి నమస్కారం. పోయిన వారం మీ కొట్టులో పాత లాప్‌టాప్ కొని, ఎరువుల సంచీలో పెట్టుకుపోయిన ముసలాయన్ని. అడగాల్సినవి చాలా ఉన్నాయి. అప్పుడు కొట్టులో జనం ఉన్నారు. నలుగురిలో నాకు మాట పెగలదు. అందుకని రాస్తున్నాను.

దీన్ని ముందు ఎవరు వాడారు? ఎందుకు అమ్మేశారు? పాలిచ్చే గేదెను ఎవరూ ఊరికే అమ్ముకోరు. తెరవగానే క్రిస్టినా అని పేరు వస్తోంది. ఎవరావిడ? అడుగున మరల్లో ఒకటి కొత్తగా మెరుస్తోంది. ఎవరో విప్పారు. ఇసుక గడియారం బొమ్మ వచ్చి కూర్చుందంటే ఎంతకీ లేవదు.

ఇది మా ఇంటి పిల్ల పావని కోసం. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల ఇదొక్కటి అడిగింది. నేను మోసపోయానంటే దాని ముఖం చూడలేను.

ఇట్లు,
వీరాస్వామి.

తా.క. మీ గురించి వాకబు చేయిస్తున్నాను. ఏమీ అనుకోకండి. పిల్ల విషయం, తప్పదు.


కాకినాడ,
జూన్ 17.

వీరాస్వామి గారికి,

శ్యాంబాబు నమస్కరించి రాయునది. మా దగ్గర కంప్యూటర్ కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిడతారే గానీ, ఇలా ఉత్తరం రాసినవారు మీరొక్కరేనండి. చాలా మర్యాదగా అనిపించింది.

లాప్‌టాప్ మంచిదే. ముందు వాడినావిడ కొత్తది కొనుక్కుని దీన్ని మాకిచ్చేశారు. ఆవిడ పేరు తీసేయడం నేనే మర్చిపోయాను. మర విప్పింది కూడా నేనే, లోపల దుమ్ము దులపడానికి. ఇసుక గడియారం లేవకపోవడానికి కారణం మెమరీ చాలకపోవడం. కుంపటి మీద పెళ్ళివంట వండమంటే ఎలాగండి? మళ్ళీ పంపించండి. మెమరీ పెంచి, పాత విండోస్ తీసేసి, ఎక్స్‌పీ వేసి ఇస్తాను.

ఉంటానండి,
శ్యాంబాబు.

తా.క. లాజరు అనే ఆయన నిన్న మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి నా గురించి అడిగారటండి. తాగుతాడా, పేకాడతాడా, కోపం ఎక్కువా అని. ‘ఎవరు పంపారు నాయనా?’ అని మా అమ్మ అడిగితే, ‘కొత్తలంక వీరాస్వామిగారండి, పావనమ్మ కోసం’ అన్నారట. అప్పటినుంచి అమ్మ నన్ను ఎండలో తిరగనివ్వడం లేదు.


కొత్తలంక,
జూన్ 21.

శ్యాంబాబు గారికి,

లాప్‌టాప్ మా మనిషి లాజరు చేత పంపాను. చార్జరు పంపలేదు. పశువును ఎవరికి తోలినా పలుపుతాడు విప్పి ఇంట్లో ఉంచుకోవడం మా పద్ధతి.

మీ గురించి లాజరు తెచ్చిన కబుర్లు బాగున్నాయి. మరీ బాగున్నాయి. కిళ్ళీకొట్టతను ఒక్కడే, మీరు నెలనెలా యానాం వెళ్తారన్నాడు. జనం యానాం ఎందుకు వెళ్తారో నాకు తెలియంది కాదు. తాగేవాడి చేతిలో మాది ఏదీ పెట్టను.

క్రిస్టినా సంగతి కూడా పూర్తిగా చెప్పలేదు. మర్చిపోయాను అన్నారు. అదెలా?

ఇట్లు,
వీరాస్వామి.

తా.క. మీరు ఎండలో తిరిగితే నాకేం? నల్లబడేది మీరు.


కాకినాడ,
జూన్ 25.

గౌరవనీయులైన వీరాస్వామి గారికి,

శ్యాంబాబు నమస్కారాలు. యానాంలో మా పెద్దమ్మ ఉందండి. మోకాళ్ళ నొప్పులు. నెలనెలా మందులు పట్టుకెళ్తాను. వచ్చేటప్పుడు బస్సులో అందరి సంచులూ గలగలలాడతాయి, నాది తప్ప. కండక్టరు కూడా నన్ను జాలిగా చూస్తాడు.

క్రిస్టినా గారు రిటైరవబోతున్న టీచరమ్మ. మనవలున్నారు. ఆవిడని నేను అమ్మా అనే పిలుస్తాను. కావాలంటే ఆవిడ చేతనే రాయిస్తాను.

మెమరీ వేశాను. చార్జరు లేకపోయినా కొట్టులో ఉన్నది పెట్టి ఎక్స్‌పీ ఎక్కించాను. తెరవగానే ‘వెల్‌కమ్ పావని’ అని వస్తుంది. ఇంగ్లీషులో గారు ఉండదండి, పావని గారిని ఏమీ అనుకోవద్దని చెప్పండి.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. కంప్యూటర్ల కొట్టంటే ఉద్యోగం కాదు కదా అని, వచ్చిన సంబంధమల్లా వెనక్కి పోతోంది. అమ్మకి అదే దిగులు. మీరొక్కరే ఇంత శ్రద్ధగా అడుగుతున్నారు. ఫోటో జతచేశాను. నక్షత్రం రేవతి.

మీ విధేయుడు,
శ్యాంబాబు.

తా.క. చార్జరు ఉంచేసుకున్నారని చెప్తే అమ్మ కళ్ళు తుడుచుకుంది. ‘పలుపు ఉంచుకున్నారంటే మనల్ని వదులుకోరన్నమాటరా’ అంది.


కొత్తలంక,
జూన్ 30.

శ్యాంబాబుకి,

ఫోటో అందింది. ఎందుకు పంపావో తెలియలేదు.

మెమరీ వేశానన్నావు. పాతది ఏది? మా ఊళ్ళో నీళ్ళ ఇంజను బాగు చేసినవాడు, తీసేసిన సామాను రైతు చేతిలో పెట్టి మరీ వెళ్తాడు. ఆ మాట ఎగ్గొట్టి పెద్దమ్మ మోకాళ్ళనీ, రేవతీ నక్షత్రమనీ రాశావు. నీకు పెళ్ళి కాకపోతే నా మెమరీ ఏమైనట్టు?

పావనిని గారు అంటున్నావు. సరుకు అమ్మేశాక కూడా ఇంత వినయం నేనెక్కడా చూడలేదు. ఏదో ఉంది.

వీరాస్వామి.

తా.క. నీ ఫోటో పావనికి చూపించాను. ‘మా లెక్కల మేష్టారిలా ఉన్నాడు’ అంది.


కాకినాడ,
జూలై 4.

పూజ్యులైన మామయ్యగారికి,

శ్యాంబాబు పాదాభివందనాలు. పాత మెమరీ కాగితంలో చుట్టి భద్రంగా ఉంచానండి, తెచ్చి మీ చేతిలోనే పెడతాను. మీకు కోపం వచ్చిందని అమ్మతో అంటే, ‘పిల్లనిచ్చేవాళ్ళు ఆ మాత్రం బెట్టు చేయరా? నువ్వు నోరు మూసుకుని పని చూడు’ అంది.

ఆదివారం అమ్మా నేనూ వచ్చి లాప్‌టాప్ అప్పగిస్తాం. కాజాలు తెస్తున్నాం. పావని గారు నన్ను లెక్కల మేష్టారిలా ఉన్నానన్నారంటే, పెద్దమనిషిలా ఉన్నాననే కదండీ?

మీ ఆశీస్సులు కోరే,
శ్యాంబాబు.

తా.క. ఆ మేష్టారికి మీసం ఉందా? ఉంటే నాది తీయించను.


కొత్తలంక,
జూలై 10.

చిరంజీవి శ్యాంబాబుకి,

వీరాస్వామి ఆశీస్సులు. నీ ఉత్తరం సోమవారం అందింది. ముందే అంది ఉంటే మిమ్మల్ని ఆదివారం రానిచ్చేవాణ్ణి కాదు. లాప్‌టాప్ ఇవ్వడానికి పట్టుచీర ఎందుకా అని మీ అమ్మగారిని అనుమానంగా చూశానే గానీ, నా బుద్ధికి తట్టలేదు.

మా మనవరాలు మామిడిటెంక చీకుతూ వచ్చింది. ‘మీ అక్కని పిలువమ్మా’ అన్నారు మీ అమ్మగారు. ‘అక్క లేదండి. నేనే పావనిని. ఎనిమిదో తరగతి’ అంది. ఆవిడ కాజాల డబ్బా దాని చేతిలో పెట్టి తల నిమిరారు. నువ్వు నేల మీద కూర్చుని దానికి లాప్‌టాప్‌లో బొమ్మలు వేయడం నేర్పావు. చీకటి పడేదాకా నేర్పావు.

తప్పు నాది. ఆ మాట చెబుదామని రేవు దాకా వచ్చాను. పడవ కదిలినా నోరు రాలేదు.

తర్వాత సంగతి. లాజరు తిరిగిన ఊళ్ళన్నిటా, వీరాస్వామి కాకినాడ కుర్రాణ్ణి చూశాడని పాకిపోయింది. నిన్న పెనుగొండ నుంచి ఉదయభాస్కర్ గారని రిటైరయిన పోస్టుమాస్టరు వచ్చారు. మీ వాళ్ళే. వాళ్ళమ్మాయి సూర్యకళ కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. ‘వంకాయైనా ఊరంతా తిరిగి, నొక్కి చూసి కొనే మనిషటండి మీరు. మీరు ఇంత వాకబు చేశాక ఇంక మేం చేసేదేముంది? మీరు వదులుకుంటే మేం చూసుకుంటాం. కుర్రాడిలో లోపం ఏంటో అదొక్కటి చెప్పండి’ అన్నారు.

నేను వెతకనిది ఏముంది? దొరకలేదు. నా నోటితో ఒకరిని మంచివాడని ఇంతవరకూ అనలేదు. నిన్న ఆయన ముందు అన్నాను. ఆయనకి సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను.

వచ్చే ఆదివారం వాళ్ళు మీ ఇంటికి వస్తారు. అమ్మగారితో చెప్పు.

ఇట్లు,
వీరాస్వామి.

తా.క. ఆ పెనుగొండ వాళ్ళ గురించి కూడా అడిగించాను. పిల్ల బంగారమని అందరూ ఒకే మాట అంటున్నారు. అందుకే కాస్త అనుమానంగా ఉంది. అయినా చేసుకో.