ఫోనుకు అవతలి చెవి

ఏప్రిల్ 3

నా బంగారు ఓలెటా అక్కకు,

ఇందుమూలంగా మన లోయలోని సకల జనులకు తెలియజేయడమేమనగా: ఆస్పత్రి విరామగది ఫ్రిజ్‌లో రెండో అరలో ఉన్న పెరుగు డబ్బా శ్రీమతి డ్రెమా స్పర్‌లాక్ గారి స్వంత ఆస్తి. దానిని తాకిన చేతికీ, నాకిన నాలుకకూ తగిన శాస్తి జరుగును. ఆ శాస్తి ఎట్టిదో ముందుగా వెల్లడించబడదు.

నిన్న పొద్దున ఈ ప్రకటన రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మధ్యాహ్నానికల్లా దాని కింద ఎవరో "పెరుగు పుల్లగా ఉంది" అని రాసిపోయారు. రాత నెల్డాది. ఇరవై రెండేళ్లుగా నా పక్కన నిలబడి రోగులకు సూదులు పొడుస్తున్న మనిషి, నా పెరుగుకి వంక పెడుతుందా? రేపు ఆవిడ బూట్లలో అదే పెరుగు ఉంటుంది.

నా వేషాలు నీకు తెలియనివి కావు. శ్వాస ఎలా అందించాలో నేర్పే రబ్బరు బొమ్మకి గౌను తొడిగి, పొట్ట మీద దిండు కట్టి, "పురిటినొప్పులు, పరిగెత్తుకురా" అని ట్రావిస్‌కి ఫోన్ చేశాను చూడు, అతను నోట్లో రొట్టెముక్కతో వచ్చి దుప్పటి తీశాడు. ఆ కథ చెబితే హార్లన్ బావ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. ఇప్పుడు ఫోన్ వేషాలు మాత్రం మానేశాను.

అసలు సంగతికొస్తాను. నేను ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుకి దరఖాస్తు పెడుతున్నాను. అంటే ట్రావిస్ చేసే పని. శని, ఆదివారాలు మాకు డాక్టరు ఉండడు. రోగిని చూసినా, మందు రాసినా ట్రావిసే. ఇంటి దగ్గర ఉంటాడు, మేం ఫోన్ చేస్తే వస్తాడు. అతను "ఎక్కించు" అనేదాకా నర్సు చేతిలో మందు సీసా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నెల్డాకి చెబితే ముఖం మాడ్చుకుంది. "పెద్ద చదువే కావాలంటే నర్సుల్లోనే ఉంది కదే. మన గుంపులోంచి వాళ్ల గుంపులోకి దూకుతావా?" అంది.

"గుంపు కాదే, నాకు కుర్చీ కావాలి. ఫోనుకు అవతల ఉండే కుర్చీ" అన్నాను.

"నలభై ఏడేళ్లొచ్చాయి. నీకిప్పుడు కావలసింది ఊగే కుర్చీ" అంది ముదనష్టపుది.

నువ్వు ఇంట్లో ఫోన్ పీకించేసి రెండేళ్లు దాటింది. ఈ లోయలో సెల్‌ఫోన్ పలకదు. కాబట్టి తపాలా ఆయన నడుం విరిగినా సరే, ఉత్తరాలే.

నీ కోతి చెల్లెలు,
డ్రెమా

జులై 19

అక్కా,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన రేగు జామ్ అందాయి. నెల్డాకి చూపించకుండా తిన్నాను.

దరఖాస్తు అంటే కాగితం నింపడం అనుకున్నాను. తొక్క తీసి ఎండలో ఆరేయడమట. ఎప్పుడో నేను పాసైన కెమిస్ట్రీకి కాలం చెల్లిందన్నారు, పాల డబ్బాకి చెల్లినట్టు. అందుకని జనవరి నుంచి వారానికి రెండు రోజులు పిల్లకాయల మధ్య కూర్చుని మళ్లీ చదివాను, నీకు చెప్పలేదు. ఒక పిల్ల నన్ను చూసి పంతులమ్మ అనుకుని హాజరు చెప్పింది. నేనూ వదల్లేదు. పదిమందికి హాజరు వేశాకే అసలు పంతులమ్మ వచ్చింది.

సిఫార్సు ఉత్తరాలు మూడు కావాలి. వాటిలో ఒకటి ఈ పనిలో ఉన్నవాళ్లు రాసి తీరాలి. మన చుట్టుపక్కల ట్రావిస్ తప్ప ఇంకెవరున్నారు? అడిగితే నా వైపు చూడకుండానే "రాస్తాను" అన్నాడు. ఆ ఉత్తరం నేనెప్పటికీ చూడనని ముందే సంతకం పెట్టాలి. అలా పెట్టకపోతే ఎవరూ దాన్ని నమ్మరట. పెట్టాను. నా గురించి ఏం రాశాడో దేవుడికెరుక.

ఇక "నీకు ఈ చదువు ఎందుకు?" అన్న వ్యాసం. అందరూ అక్కడ ఒక చావు రాస్తారని పిల్లలు చెప్పారు. నేనూ రాశాను. నీ అనుమతి అడగకుండా బావని రాశాను, క్షమించు. కట్టెలు కొడుతూ కాలు తెగి, అది చీము పట్టి, విషం ఒళ్లంతా ఎక్కి ఆ ఆదివారం వణుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడని రాశాను. చూడగానే అదేంటో నాకు తెలిసిందని రాశాను. మందు సీసా నా చేతిలోనే ఉంది. మంచుకి ఫోన్ తీగ తెగింది. కాపలా ఆయన్ని కారిచ్చి ట్రావిస్ ఇంటికి పంపితే, ఆ జారుడు దారిలో అతన్ని తీసుకొచ్చేసరికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ నేను బావ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. సీసా ఇంకో చేతిలో. "మందు రాసే హక్కు నాదైతే ఆ తీగతో పని ఉండేది కాదు" అని ముగించాను.

నీకు నేను ఆ రోజు వరండాలో చెప్పినదే. కొత్తదేమీ లేదు.

నీ,
డ్రెమా

అక్టోబరు 8

ఓలెటా అక్కా,

ఇంటర్వ్యూకి పిలిచారు. నీ నీలం కోటు వేసుకెళ్లాను. గుండీ ఒకటి ఊడింది, మంత్రసాని సంచీలోంచి తీసినట్టు ఒక పిన్నీసు తీసి పెట్టుకున్నాను.

ముగ్గురు కూర్చున్నారు. తెల్లజుట్టు ఆవిడ నా వ్యాసం చేతిలో పట్టుకుని కళ్లద్దాలు తుడుచుకుంది. నేను ఎవర్నైనా ఏడిపించగలను గానీ ఇలా కాదక్కా. ఆపైన అంది: "సిఫార్సు ఉత్తరాలు మీకు చూపించకూడదు. కానీ ఒక్క వాక్యం చదవకుండా ఉండలేకపోతున్నాను." చదివింది. "డ్రెమా ఫోన్ చేస్తే మారు ప్రశ్న వేయకుండా పరిగెత్తాలి. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది."

కోటుకి పెట్టిన పిన్నీసు తీసి మళ్లీ పెట్టుకున్నాను.

"ఆ రోజు ఫోన్ పనిచేసి ఉంటే ఆయన బతికేవారంటారా?" అని అడిగింది. నేను తలూపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియదు. ఆవిడకి నచ్చినట్టుగా అర్థం చేసుకుంది.

ఇంటికొస్తే నీ ఉత్తరం. ఫోన్ కంపెనీ మీద రెండేళ్లుగా నువ్వు రాస్తున్న ఫిర్యాదులు చివరికి విచారణకి వచ్చాయనీ, నవంబరు ఇరవైన బహిరంగ సభలో నువ్వు మాట్లాడతావనీ, నన్ను సాక్షిగా రమ్మనీ రాశావు. "బైబిలు మీద చెయ్యి పెట్టి, తీగ తెగిందని ఒక్క ముక్క చెప్పు చాలు. నా హార్లన్‌ని చంపిన తీగ అది" అని రాశావు.

రాత్రి తిందామని పింటో చిక్కుడు గింజలు ఉడకబెట్టుకుని, అన్నీ కుక్కకి పెట్టాను.

డ్రెమా

నవంబరు 14

అక్కా,

సీటు వచ్చింది. వచ్చే శుక్రవారంలోగా ఒప్పుకుంటున్నానని చెప్పాలి. విచారణ గురువారం. ముందు నీ బైబిలు, తర్వాత నా సీటు. ఇంత చక్కగా వరస కుదర్చడం నాలాంటి కొంటె మనిషికే సాధ్యం. పైన ఎవరో నా మీదే వేషం వేస్తున్నారు.

నీ వాకిట్లోకి వచ్చి చెప్పాలని మూడుసార్లు బయలుదేరాను. మూడోసారి నీ పొగగొట్టం కనిపించేదాకా వచ్చాను. నువ్వు తడిబట్టలు ఆరేస్తున్నావు. ఇంకా బావ చొక్కా ఉతుకుతున్నావు. కారు వెనక్కి తిప్పాను. రోగి కడుపులో చెయ్యి పెట్టగలను గానీ ఇది నావల్ల కాలేదు.

నెల్డాకి చెప్పాను. పెరుగు, బూట్లు, అన్నీ మరిచిపోయి కూర్చుంది. "నువ్వు ఇన్నాళ్లూ ఎలా నవ్వావే?" అంది. ఎలాగో నాకూ తెలియదు. పొద్దున లేస్తే ముఖం దానంతటదే నవ్వేది.

ట్రావిస్‌కీ చెప్పాను, నీకు రాస్తున్నానని. "మీ అక్కకి నా పేరు రాయకు" అంటాడనుకున్నాను. "పేరు సరిగ్గా రాయి. రెండేళ్లుగా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను" అన్నాడు. అతన్ని తిట్టకు. తిడితే ముందు నన్ను తిట్టు. రబ్బరు బొమ్మకి గౌను తొడిగింది నేను. అది బావ చనిపోవడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు.

స్కూలుకి కూడా నిన్ననే రాసి పంపాను. ఆ తెల్లజుట్టు ఆవిడ పేరునే. సీటు ఉంచుతారో పీకుతారో తెలియదు. నువ్వు తలుపు తీస్తావో లేదో తెలియదు. ఈ రెండింటిలో ఒకదానికే నాకు భయం, అది స్కూలు కాదు.

ఆ రోజు మంచు పడిన మాట నిజం. చెట్లు విరిగాయి, నిజం. కాపలా ఆయన్ని కారిచ్చి పంపాను, నలభై నిమిషాలు పట్టింది, అదీ నిజం. "తీగ తెగింది, పోయి తీసుకురా" అని ఆయనకి నేనే చెప్పాను. వరండాలో నీకూ అదే చెప్పాను. ట్రావిస్ నా వెనకే నిలబడి విన్నాడు, కాదనలేదు. ఆ తీగ ఎక్కడా తెగలేదక్కా. అది నేను అల్లినది. ఫోన్ పనిచేసింది. మొదటి మోతకే ట్రావిస్ ఎత్తాడు. "మా బావ పోతున్నాడు, రక్తపోటు డెబ్బైకి పడింది, మందు ఎక్కించమని ఒక్క మాట చెప్పు" అన్నాను.

"ఈసారి బొమ్మకి కవలలా డ్రెమా?" అని పగలబడి నవ్వి, మళ్లీ మోగకుండా ఫోన్ తీసి పక్కన పడేశాడు.

— డ్రెమా