నాలుగు గంటలు కాచుకున్న ఊరు

ఎస్టెవాన్, మార్చి 3

అమ్మా, మా ఐస్ హాకీ జట్టు బస్సు మంచు తుఫానులో చిక్కుకుందని రేడియోలో విని ఉంటావు, అందరం క్షేమం.

రైతులు ట్రాక్టర్లతో లాగి మమ్మల్ని ఆట జరిగే మెల్విల్ చేర్చేసరికి సెమీఫైనల్‌కు నాలుగు గంటలు ఆలస్యమైంది. ఎవరూ మిగలరనుకున్నాం. స్టేడియం తలుపు తీస్తే ఊరంతా బెంచీల మీదే ఉంది! ఐస్ మీదికి దిగగానే ఆ ఎదుటి జట్టు ఊరివాళ్లే లేచి మాకు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలోని ముసలమ్మ, "ఇంత కష్టపడి వచ్చారు, ఊరికే పంపుతామా నాయనా? ఓడించే పంపుతాం!" అని అరిచింది. అన్నంత పనీ చేశారు. మా సీజన్ అయిపోయింది. ఏడుపు రాలేదు, ఆ జనాన్నే చూస్తూ నిలబడిపోయాను.

నాన్న మోకాలు ఎలా ఉంది? నా మంచం ఖాళీ చెయ్యమని చెల్లి లీడియాకు చెప్పు, శనివారం వస్తున్నాను. నానమ్మకు నా నమస్కారాలు. ఆమె ప్రార్థన బస్సుకు పనిచేసింది, ఆటకు కాదు.

నీ ఓరెస్ట్