పేరు దగ్గర ఖాళీ

మొయినాబాద్, 1969 జూన్, బుధవారం

నా ఉద్యోగ దరఖాస్తు కవరు విప్పకుండానే చేవెళ్ల తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తా నన్ను అనర్హుణ్ణి చేశాడు. ఆయన బల్ల మీద సైక్లోస్టైల్ చేసిన కాగితాల దొంతర ఉంది. "మీ అర్హతలు శ్రద్ధగా పరిశీలించాము, ఉద్యోగం ఇవ్వలేనందుకు విచారిస్తున్నాము" అని అన్నింటిలోనూ అవే మాటలు. పేరు దగ్గర మాత్రం ఖాళీ. అందులో నా పేరు రాసి చేతికిచ్చాడు.

"జర విప్పి చూడుండ్రి సారూ, అండ్ల నేను ఈడివాణ్ణేనని ముల్కీ సర్టిఫికెట్ ఉన్నది," అన్నాను.

"చూసినా ఇదే ఇస్తానయ్యా," అని నవ్వాడు.

బాపుకు ఇంకా చెప్పలేదు. ఇంటికి రాగానే మండిపోతూ, మా ఉద్యోగాలు మాకే ఇవ్వాలని కరపత్రం రాయడానికి కూర్చున్నాను. మా పెద్దబాపు కొడుకు యాదన్న వెనక నుంచి చదివాడు.

"మొన్న షాబాద్‌ల పంచిన కరపత్రంల గూడ గివే మాటలు గదరా తమ్మీ! ఊరి పేరు మార్చినవ్, అంతే. ఆ గుమాస్తాకు, నీకు ఏం ఫరక్?"

యాదన్నను నానా మాటలూ అన్నాను. తర్వాత నేను రాసింది చించేశాను.

కరపత్రం వద్దు. పక్క ఊరు కనకమామిడిలో ముగ్గురికి ఇదే కాగితం వచ్చింది. ఇంకెందరికి వచ్చిందో! శుక్రవారం పొద్దున పది గంటలకు అందరం ఆ ఆఫీసు మెట్ల మీద నిలబడి ఒక్క గొంతుతో దాన్ని చదవాలి. ఖాళీ రాగానే ఎవరి పేరు వాళ్లు అరవాలి.