తాళం పడని దసరా

సెప్టెంబర్ 24
నిర్ణయించేశాను! ఈ దసరాకు ఇంటికి తాళం. నేనూ సిద్ధమ్మా, ఇద్దరమే. వర్గల్ పోయి సరస్వతమ్మ దర్శనం చేసుకుని, హోటల్లో భోజనం. పెళ్లయినప్పటి నుంచీ పండగపూట నా భార్య కూర్చుని తినగా నేను చూడలేదు. ఇరవై మందికి వండటం, వడ్డించడం, తర్వాత మోకాళ్లు పట్టుకోవడం. ఇక చాలు.

"నువ్వు? మటన్ లేని దసరా?" అంది.

అక్కడే ఉంది నా తెలివి. ఈ ఏడు దసరా గాంధీ జయంతి నాడే పడింది. మటన్ బంద్, మందు బంద్. ఇంకెవరొస్తారు?

సెప్టెంబర్ 27
చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పేశాను. ఎవరూ బాధపడలేదు. నాకే కొంచెం బాధేసింది.

సిద్ధమ్మ బీరువాలోంచి దుబ్బాక చీర తీసింది. రెండుసార్లు మడత మార్చి పెట్టుకుంది. నమ్మినట్టే!

అక్టోబర్ 1, ఉదయం
తమ్ముడు పర్శరాములు సంచితో వచ్చాడు.

"అన్నా, రేపు దుకాన్లు బంద్ గదా, మటన్ ఇయ్యాలనే తెచ్చిన. మా ఫ్రిజ్ చిన్నది. మీ దాంట్ల పెడుతవా?"

పెట్టాను. దాచడం వేరు, వండటం వేరు.

సాయంత్రం
కబురు పాకింది. మేనకోడలు నవనీత మూడు కిలోలు తెచ్చింది. ఎదురింటి గోపాల్ రెండు. పండగపూట కాదంటామా? వీధి మొత్తంలో పెద్ద ఫ్రిజ్ మాదే మరి!

"రేపు తాళమేస్తే గీ మటన్ ఎవలు తీస్తరు?" అంది సిద్ధమ్మ.

అది నాకు తట్టలేదు.

"పొద్దుగాల్నే వచ్చి తీస్కపోతరు తియ్" అన్నాను.

అక్టోబర్ 2, దసరా
పొద్దున్నే ఎవరూ రాలేదు. పదింటికి అందరూ వచ్చారు, పిల్లాజెల్లాతో.

"ఎట్లాగూ ఈడనే ఉంది గదన్నా, ఈడనే వండుకుందం" అన్నాడు పర్శరాములు.

వర్గల్ బస్సు పోయింది. సిద్ధమ్మ దుబ్బాక చీర కొంగు బొడ్లో దోపి పొయ్యి వెలిగించింది. నేనేం చేశాను? "కారం జర ఎక్వ ఎయ్యి" అన్నాను.

కూర మాత్రం అద్భుతం!

మూడోసారి వడ్డించుకుందామని వంటింట్లోకి వెళ్లాను. సిద్ధమ్మ ఆ ఫ్రిజ్‌కే ఆనుకుని, నిలబడి తింటోంది. పళ్లెంలో ఒక్క ముక్క లేదు, పులుసే. చాలా సిగ్గేసింది. నా పళ్లెం వెనక దాచుకున్నాను.

సాయంత్రం అందరూ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కారు. ఏం దీవించానో గుర్తు లేదు.

అక్టోబర్ 3
దీపావళికి ఇద్దరమే! తాళం ఖాయం!

అప్పటిదాకా ఎందుకు, ఇవాళే మొదలు. పావుకిలో తెచ్చి నేనే వండాను. సిద్ధమ్మను కూర్చోబెట్టి నేనే వడ్డించాను.

"ఉప్పు ఎక్వైంది" అంటూనే తింటోంది.

గేటు చప్పుడైంది. లేవబోయింది.

"కూసో" అన్నాను. నేనే వెళ్లాను.

పర్శరాములు. చేతిలో సంచి.

"అన్నా, ఐతారానికి గిది జర మీ ఫ్రిజ్ల..."

"ఫ్రిజ్ ఖరాబైంది తమ్మీ."

"అయ్యో! ఆగన్నా, ఇప్పుడే మెకానిక్‌ను తోల్కొస్త!" బండి తిప్పేశాడు.

లోపలికొచ్చి ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. సిద్ధమ్మ ఇంకా కూర్చునే ఉంది. మెకానిక్ వచ్చేలోపు ఆమెకు మళ్లీ వడ్డించాలి.