నీ ఎలుకమీద ఉన్న నమ్మకం

గిద్యోనూ,

నిన్న నెల్లూరు కాలేజీలో నీ ఉపన్యాసం వెనక వరసలో కూర్చుని విన్నాను. సూదిమందుతో మైగ్రేన్ తెప్పించిన ఎలుకను తెరమీద చూపించావు. కంటి పక్కన సన్నటి పోగుతో తాకగానే అది తల లాక్కుని చీకటి మూలకు పోయింది. "నోరులేని జీవి, నొప్పి నటించదు" అన్నావు.

పోయిన నెల వాకాడులో నేను తల దువ్వుకోకుండా తలుపులేసుకుని పడుకున్నానని మా అత్త సంఘపెద్దలను పిలిపించింది. మైగ్రేన్ నొప్పిలో దువ్వెన తగిలినా ఓర్చుకోలేనని చెప్పాను. దీనిమీదే చదివినవాడివని వాళ్లు నిన్నడిగితే, "మా అక్క చిన్నప్పట్నుంచీ ఇంతేనయ్యా, పనెగ్గొట్టేదానికి నాటకాలు" అని నవ్వావు. ఆ రోజునుంచి మీ బావ మాత్రలు తేవడం మానేశారు.

నాకు నోరుంది, చెప్పుకున్నాను, అదే తప్పయింది. నీ ఎలుకకు నా వందనాలు చెప్పు.

అక్క