ఇద్దరికీ తెరుచుకునే భాగం

ముబితా, మన ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించేటప్పుడు "డిస్కు మొత్తం చెరిపెయ్యనా?" అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకు, నా నర్సింగ్ చదువంతా విండోస్ భాగంలోనే ఉంది. నీకని ఖాళీ జాగా విడగొట్టి ఉంచాను, అందులోనే పెట్టుకో. చివరనున్న చిన్న భాగం మనిద్దరిదీ. అటునుంచీ ఇటునుంచీ తెరుచుకుంటుంది. తెరుచుకోనని మొండికేస్తే విండోస్ పూర్తిగా ఆగలేదన్నమాట, వెనక్కెళ్లి సరిగ్గా ఆపి రా. మధ్యాహ్నం కరెంటు తీసేస్తారు, బద్ధకించకు. మొక్కజొన్న పిండితో న్షిమా ముద్ద, కపెంటా చేపల కూర మూతపెట్టి ఉంచాను.

నేనొచ్చేసరికి నువ్వు కాపలా డ్యూటీకి వెళ్లిపోతావు. ఒకే ఇంట్లో ఉండి నీ గొంతు విని ఎన్నాళ్లయిందిరా!

— నసిలేలె అక్క

ఆ చిన్న భాగంలో నేనేమీ పెట్టలేదు. నీ మాటలేవైనా రికార్డు చేసి అందులో పడెయ్యి, తిట్లైనా సరే. ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద గొంతు దిగడం లేదు.